డాబా మీద ఆరబెట్టిన జొన్న

బుధవారం వస్తోందంటే నాకు ముందురోజే నీరసం వస్తుంది. మా ఆయన శ్రీరామమూర్తిగారు మాత్రం తెల్లారకుండానే స్నానం చేసి, ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, చెప్పుల దగ్గర నిలబడి ఉంటారు. మా అబ్బాయి సాయిచైతన్య ఉద్యోగం పోయినప్పటి నుంచి ఇదే తంతు. వాడి జాతకంలో బుధుడు బాగాలేడని ఎవరో చెప్పారు. బుధవారం ఆవుకు పచ్చగడ్డి పెడితే కుదుటపడతాడట. బుధుడి సంగతి నాకు తెలియదు గాని, మావాడు మాత్రం గది తలుపు వేసుకుని మంచం మీదే పడి ఉంటాడు. కంచం లోపలికి వెళ్తుంది, కంచం బయటికి వస్తుంది. పలకరించీ పలకరించీ నా నోరు పడిపోయింది.

అబిడ్స్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి వెళ్లే దారిలో, ఓ గోడ వారన వీరమ్మ కూర్చుంటుంది. పక్కన ఆమె ఎర్రావు, ముందు గడ్డి కట్టలు. కట్ట కొనాలి, ఆవుకు పెట్టాలి, వీపు తాకి కళ్లకద్దుకుని పోవాలి. బేగంబజార్ సేట్ల దగ్గర్నుంచి స్టేషన్ కూలీల దాకా అందరి పుణ్యమూ ఆ ఒక్క ఆవే నమిలి మింగాలి. చేలల్లో కలుపుగా పీకేసిన గరికే వీరమ్మ సరుకు. ఆమె తమ్ముడి కొడుకు రత్నాకర్ వికారాబాద్ వైపు నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి పడేస్తాడు.

"చిన్నప్పటి సంది నడుం ఇరిగేటట్టు పీకి గట్టు మీద పారేసిన గడ్డమ్మా ఇది. గీడ దండం పెట్టి కొంటున్రు" అని ఓసారి నవ్వింది.

ఆ బుధవారం మేం వెళ్లేసరికి ముందు కట్టలు లేవు. ఆవు వరిగడ్డి నములుతోంది. వెనక గోనెపట్టా కింద మాత్రం పచ్చగా ఏవో కనబడుతున్నాయి.

"ఇయ్యాల గడ్డి లేదు సారూ" అంది వీరమ్మ.

"అదేమిటమ్మా, అక్కడున్నది గడ్డి కాదూ?"

"గది పెట్టేది కాదు. పైవారం రాండ్రి."

ఆయన ముఖం మాడిపోయింది. మోకాళ్ల నొప్పులతో నడిచి వచ్చిన మనిషి. ఇంతలో వీరమ్మకు రత్నాకర్ ఫోన్ చేశాడు. ఆమె అటు తిరిగి వాణ్ణి దులపడం మొదలుపెట్టింది. "గరిక తెమ్మంటే జొన్న తెస్తవారా? ఔ, ఊరంత కలుపు మందు కొట్టిన్రు, కలుపు తీసేటోళ్లు లేరు, నాకెరికే. అయితే మాత్రం గిది తెస్తవా?"

నేను ఆ అరుపులు వింటూ నిలబడ్డాను. ఈలోగా మా ఆయన పట్టా ఎత్తి, ఓ కట్ట లాగి, విప్పి ఆవు నోటికి అందించేశారు. కళ్లు మూసుకుని కొడుకు పేరూ గోత్రమూ చెప్పుకుంటున్నారు.

వీరమ్మ ఫోన్ పారేసి వచ్చింది. ఆవు దవడ పట్టుకుని, నోట్లో చెయ్యి పెట్టి మేత లాగేసింది. వేళ్లు నలిగి రక్తం వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగారు.

"గోవు నోటి దగ్గర మేత లాక్కుంటావా? పాపం కాదుటమ్మా!" అన్నారు ఆయన.

"అది నాము సారూ! తింటే పసురం సస్తది!"

రొప్పుతూనే చెప్పింది. మొదటి వానకు వేసిన జొన్న అది. తర్వాత చినుకు లేదు. మొవ్వు ఈగ పట్టి నడిమి ఆకులు ఎండిపోయాయి, మిగిలిన పైరు గిడసబారింది. నీళ్లు లేక అలా నిలిచిపోయిన లేత జొన్నకు విషం పడుతుంది. దాన్నే నాము అంటారు. చేను మీద ఆశ వదులుకున్న రైతు ఊరికే కోసుకుపొమ్మంటే రత్నాకర్ కోసుకొచ్చాడు.

"ఎంత మింగిందో ఏమో! బెల్లం నీళ్లు తాపాలె, జర బెల్లం తేమ్మా!"

నేను పరుగెత్తాను. కిరాణా కొట్లో బెల్లమూ నీళ్ల సీసాలూ తీసుకుని వచ్చేసరికి ఆవు వణుకుతోంది. నోటి వెంట నురగ. ముందుకాళ్లు మడిచి కూలబడింది. వీరమ్మ దాని మూతి ఎత్తి బెల్లం నీళ్లు తాపింది. ఎవరో ఫోన్ చేస్తే పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి సూది వేశాడు. ఇక చూడాలి అన్నాడు.

ఆయన పలుపుతాడు పట్టుకుని ఫుట్‌పాత్ మీద చతికిలబడ్డారు. "వసూ, ఇది పోతే నేను ఆవును చంపినవాణ్ణి. ఆవిడ కూడు పడగొట్టినవాణ్ణి" అన్నారు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది, వీరమ్మను చూస్తే జాలేసింది, కోప్పడే ఓపిక కూడా లేని నా బతుకు తలుచుకుంటే ఏడుపొచ్చింది. వీరమ్మ ఏడవలేదు. ఆవు చెవులు చల్లబడతాయేమోనని పట్టుకుని కూర్చుంది.

మిట్టమధ్యాహ్నానికి ఆవు లేచింది. తూలింది, నిలదొక్కుకుంది, తోక ఎత్తి పేడ వేసింది. ఆ పేడ చూసి వీరమ్మ అప్పుడు ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని కట్టల వైపు చూసింది. "ఇవి చెత్తకుండీల వెయ్యొద్దు సారూ, రోడ్డు మీది ఆవులు తింటయ్. బాగ ఎండితె ఇషం పోయి సొప్పయితది. ఆరబెడదామంటే నాకాడ జాగ లేదు."

మా ఆయన ఆటో పిలిచి, కట్టలన్నీ మా డాబా మీదికి చేర్పించారు.

ఆ వారమంతా ఆయన ఆ మోకాళ్లతోనే మెట్లెక్కి, జొన్న తిరగేసి వచ్చేవారు. అపార్ట్‌మెంట్ వాళ్లు నవ్వుకున్నారు. ఓ రోజు కంచం తీయడానికి వెళ్తే, "నాన్న పైన ఏం చేస్తున్నారు?" అన్నాడు సాయి. ఉన్నదంతా చెప్పాను. వాడు విని, మళ్లీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మంగళవారం సాయంత్రం మబ్బు పట్టింది. ఊరంతా వాన కోసం మొక్కుకుంటుంటే, నేను మాత్రం దేవుడా ఇప్పుడొద్దు అనుకున్నాను. తడిస్తే అంతా బూజు పడుతుంది. ఆయన గబుక్కున లేవబోయి, మోకాలు పట్టేసి మళ్లీ కూర్చుండిపోయారు.

"తడిసిపోతుంది వసూ" అన్నారు పసిపిల్లాడిలా.

నేను మెట్లెక్కుతుంటే ఎవరో నన్ను రాసుకుంటూ పైకి పోయారు. చెప్పుల్లేని కాళ్లు, మాసిన బనీను, పెరిగిన గడ్డం. మా సాయి.

నేను చేరేసరికి వాడు చొప్పను చేతుల నిండా ఎత్తి, నీళ్ల ట్యాంకు కిందికి చేరుస్తున్నాడు. "టార్పాలిన్ ఎక్కడుందమ్మా? తొందరగా చెప్పు!" అని నా మీద అరిచాడు. ఇన్నాళ్లకు విన్నాను వాడి అరుపు.

"వంటింటి అటక మీద ఉందిరా" అంటూనే పై మెట్టు మీద కూర్చుండిపోయాను. వాడు నన్ను దాటుకుని కిందికి పరుగెత్తాడు.