ఐసు పెట్టకూడని మోకాలు

హెదీకి వచ్చిన వైద్యం ఒక్కటే, ఐసు. మొక్నీన్ ఊరి హ్యాండ్‌బాల్ క్లబ్బులో ఏ పిల్ల పడ్డా, లేవకముందే ఐసు సంచితో పక్కన వాలేవాడు. అలాంటివాడి కూతురు ఒల్ఫాకే ఆటలో పడి మోకాల్లో లిగమెంటు సగం తెగింది.

ట్యూనిస్ డాక్టరు ఒల్ఫా రక్తమే తీసి, మిషన్లో గిర్రున తిప్పి, గాయం మాన్పే భాగాన్ని మోకాల్లోకి ఎక్కించాడు. "వాచిపోతుంది, మండుతుంది. ఆ మంటలోనే అతుకు పడాలి. వాపు తగ్గించే మాత్రలొద్దు, ఐసూ వద్దు. ఇది పట్టకపోతే ఆపరేషనే. ఈ ఏడు ఆట మర్చిపోవాల్సిందే."

ఇంటికొచ్చేసరికి మోకాలు పుచ్చకాయంత అయింది.

"ఊరందరి పిల్లలకీ పరిగెత్తుకెళ్లి పెడతావు. నాకు పెట్టడానికి చేతులు రావా నాన్నా?"

"వద్దన్నారు కదే."

"అయితే ఎదురుగా కూర్చుని చూడకు. పో."

పోయాడు. క్లబ్బులో కోచ్ బెశీర్ పట్టుకున్నాడు. "ఏం బావా, సొంతింట్లోనే నీ వైద్యం చెల్లలేదటగా? ఆ సంచి ఇక మేకుకి తగిలించు." అందరూ నవ్వారు. అంతలో గోల్‌కీపరు పిల్ల చీలమండ పట్టుకుని కూలబడింది. హెదీ ఐసు అదిమాడు.

"హాయిగా ఉంది బాబాయ్," అందా పిల్ల.

ఆ మాటకి అతని ఒళ్లు మండిపోయింది.

ఇంటికి తిరిగొస్తే ఒల్ఫా కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది. మోకాలి మీద ఫ్రీజర్లోని బఠాణీల సంచి. పక్కన భార్య జొహ్రా.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే పెట్టానండీ."

బఠాణీలు అప్పటికే మెత్తబడ్డాయి. సంచి లాగి పెరట్లోకి విసిరేసి, డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"చెడిపోయిందా సార్?"

"ఇప్పుడే తెలీదు. కొన్ని నెలలాగి స్కానింగులో చూద్దాం."

"అప్పటిదాకా నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకండి."

ఏమీ చెయ్యకుండా ఉండటం ఎలాగో ఎవరూ అతనికి నేర్పలేదు. వంటింట్లోకి వెళ్లి ఫ్రీజరు తలుపుకి తాడు చుట్టి గట్టిగా ముడేశాడు.

"మరి చేపలెలా తియ్యను?" అంది జొహ్రా.

"నన్నడుగు."

కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. పక్క గదిలో ఒల్ఫా మళ్లీ మూలగడం మొదలుపెట్టింది.