కోపంలో కొన్న బండి

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది కుళాయి దగ్గర బకెట్ల చప్పుడు. తర్వాత అన్నయ్య గొంతు. "పొట్టీ, నా చొక్కా ఇస్త్రీ చేశావా?" ఆ వెనకే ఇస్త్రీ పెట్టెను ఠపీమని బల్ల మీద పెట్టిన మోత. అంటే పొట్టికి కోపం వచ్చిందన్నమాట. వెంటనే వంటింట్లోంచి అమ్మ, "ఎలాగూ పెరిగావు కదే, అటక మీంచి పిండి డబ్బా కూడా దించిపెట్టు," అనేది.

ఆ ఇంటి ఆడవాళ్ళు కోపం వస్తే పొడుగు పెరుగుతారు. చిరాకుకి బెత్తెడు, గట్టి కోపానికి జానెడు. కోపం దిగితే పొడుగూ దిగిపోతుంది. వీధి చివరి దర్జీకి కూడా ఈ సంగతి తెలుసు. పొట్టి వేసుకునే ప్యాంట్లకి అడక్కుండానే కింద మడత ఎక్కువ పెట్టి కుట్టేవాడు. మామూలుగా ఉన్నప్పుడు ఆమె అన్నయ్య భుజం దాకా కూడా రాదు, అందుకే ఆ పేరు. అమ్మ మాత్రం పెరగడం ఎప్పుడో మానేసింది. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు పెరిగితే, "కోడలి తల గుమ్మానికి తగులుతోంది, చూడ్డానికి బాగోలేదు," అందట అత్తగారు. అప్పట్నుంచి కోపం వచ్చినప్పుడల్లా గ్లాసుడు మంచినీళ్ళు తాగి ఊరుకునేది. అత్తగారు పోయారు, నాన్న కూడా పోయాడు, ఆ నీళ్ళు తాగే అలవాటు మాత్రం పోలేదు.

అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ ఇది బాగా కలిసొచ్చింది. అటక మీంచి ఏం కావాలన్నా నిచ్చెన వెతికేవాడు కాదు. చెల్లెల్ని నాలుగు మాటలని ఉడికిస్తే సరి, పని అయిపోయేది. అదేమిటో, కొంతమంది అన్నయ్యల తెలివంతా ఇలాంటి వాటికే ఖర్చవుతుంది.

పొట్టి రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఇన్నేళ్ళూ వెనక గదిలో కూర్చుని గాజు గొట్టాలకి పేర్లు అంటించింది. ఈమధ్య ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఖాళీ అయితే, యజమానురాలు ఆమెనే పిలిచింది. "నీ చెయ్యి తేలిగ్గా ఉంటుంది, అందుకని నీకే ఇస్తున్నా. కానీ సొంత బండి ఉండాలి, నువ్వే నడపాలి. ఎవరో దింపితే దిగి, ఎవరో ఎక్కించుకుంటే ఎక్కే వ్యవహారం నాకొద్దు. పరగడుపున కూర్చుని ఎదురుచూసే ముసలివాళ్ళుంటారు. ఎల్లుండి పొద్దున్న బండి మీద వస్తే సరే, లేదంటే ఇంకొకళ్ళని పెట్టుకుంటా," అంది. పొట్టికి లైసెన్సు చేతికొచ్చిందే ఆ ముందు రోజు.

బండి నేర్పిన మాస్టారు ఒకే ఒక్క ముక్క చెప్పి పంపాడు. "మొదటి బండికి రంగూ, మోతా చూసి మోసపోకమ్మా. కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. రోడ్డు మీద ఉన్నపాటున ఆపాల్సి వచ్చినప్పుడు నిన్ను నిలబెట్టేది అదే." పొట్టి షోరూం అద్దంలోంచి చూసి ఎప్పుడో ఒకటి మనసులో పెట్టుకుంది. నల్లటిది, సీటు కిందికి ఉన్నది, పెద్ద హడావుడి లేనిది.

"నువ్వొక్కదానివే వెళ్తే నెత్తిన టోపీ పెట్టి పంపుతారు," అని మర్నాడు పొద్దున్న అన్నయ్య వెంట బయల్దేరాడు.

షోరూంలో మెడకి టై బిగించుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. "రండి సార్. మీకేం చూపించమంటారు సార్?"

"బండి నాకు," అంది పొట్టి.

"స్కూటర్లు ఆ పక్కనున్నాయి సార్," అన్నాడతను అన్నయ్యతో.

"నాకు స్కూటర్ వద్దు. ఊరి చివర దాకా తిరగాలి, అక్కడన్నీ గుంతలు. ఆ నల్ల బండి చూపించండి."

"మేడం వెనక కూర్చోడానికైతే ఈ ఎర్రది బాగుంటుంది సార్, సీటు మెత్తగా ఉంటుంది."

పొట్టికి ఒళ్ళు మండింది. బెత్తెడు పెరిగింది. మైలేజీ ఎంతని అడిగింది. అతను అన్నయ్యకి చెప్పాడు. సర్వీసింగ్ ఎక్కడని అడిగింది. అన్నయ్యకి చెప్పాడు. పైగా తాగడానికి మంచినీళ్ళు కూడా అన్నయ్యకే తెచ్చిచ్చాడు. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే గోడకేసి చూసినట్టు చూసేవాణ్ణి ఏమనాలి? నాకే ఇక్కడ చెప్పడానికి మంచి మాటలు దొరకడం లేదు, ఆమె ఏం చేస్తుంది? పళ్ళు నూరుకుంటూ వెళ్ళి నల్ల బండి మీద కూర్చునేసరికి జానెడు పెరిగిపోయి ఉంది. మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి. 

అన్నయ్య పకపకా నవ్వాడు. "చిన్నపిల్లల సైకిలెక్కిన పెద్దమ్మలా ఉన్నావు. దిగవే, నవ్వుతున్నారు అందరూ."

ఆ మాటతో ఇంకాస్త పెరిగింది. "ఏదీ, ఇది ఎక్కి చూడు," అని ఎర్ర బండి ముందుకి తోశాడు అన్నయ్య. ఎక్కింది. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి చక్కగా ఆనాయి. కొలత తీసి చేయించినట్టుంది. మాస్టారు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది కదా అనుకుంది. కోపంలో ఉన్నవాళ్ళకి ఇంకో గంట తర్వాత తాము ఎలా ఉంటారన్నది తట్టదు. దాచుకున్న డబ్బంతా కట్టి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేసింది.

"అలిసిపోయావు, నేను నడుపుతాలే," అన్నాడు అన్నయ్య. వెనక కూర్చుని ఇంటికి వచ్చేలోపు ఆమె కోపం చల్లారింది. వాకిట్లో దిగి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ముచ్చటపడి తానే ఎక్కింది. బొటనవేళ్ళు కూడా నేలకి అందలేదు. స్టాండు తీసి ఉంటే ఆ క్షణమే పడిపోయేది.

మెట్ల మీద కూర్చున్న అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకు ముందే తెలుసు. నిన్ననే వెళ్ళి వాడికి చెప్పొచ్చా. మా చెల్లెలు ఏమడిగినా నాకే జవాబు చెప్పు, ఆమె మొహం చూడకు, మిగతాది ఆమె కోపమే చూసుకుంటుంది అని. నా బండి మూలనపడి ఎన్నాళ్ళయింది? రేపట్నుంచి నేనే దింపుతాలే. ఆ రక్తం గొట్టాల ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చో, రాణీగారిలా."

అతను దాన్ని దాచనైనా లేదు. సరదా కబురులా చెప్పాడు. అటక మీంచి డబ్బా దింపించుకోవడం, ఆమె ఉద్యోగం లాక్కోవడం అతని లెక్కలో ఒకటే.

పొట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. మూరెడు పెరిగింది. ప్యాంటు మడతలు పటపటా విడిపోయాయి. తాళం తిప్పి, గేరు వేసి, బండిని వీధిలోకి దూకించింది. ఇలా రోజూ కోపం తెచ్చుకుని నడిపితే సరిపోతుంది, కారణాలకేం కొదవ, అనుకుంది. 

అయితే రెండో గేరు పడింది. గాలి చెవుల పక్క నుంచి దూసుకుపోయింది. బండి ఆమె చెప్పినట్టు విని వంగింది, లేచింది. ఇన్నేళ్ళూ వెనక గదిలో కూర్చున్న మనిషికి వీధి మొత్తం తనదే అనిపించింది. సంతోషం వద్దంటే ఆగుతుందా? మూడో గేరు కూడా వేసింది. మూరెడు జానెడైంది, జానెడు బెత్తెడైంది. మలుపులో గ్యాస్ సిలిండర్ల ఆటో అడ్డం వచ్చి ఆగింది. బ్రేకు వేసి కాలు కిందికి చాపితే, కాలికి నేల దొరకలేదు. బండి ఆమె మీదకే ఒరిగి పడింది.

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతులా బండి లేపాడు. స్టాండు వేశాడు. చొక్కా కొసతో ట్యాంకు తుడిచి, "అయ్యో, గీత పడిందే," అన్నాడు. పొట్టి రోడ్డు మీదే కూర్చుని ఉంది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఒక కాలి చెప్పు ఎక్కడో ఎగిరిపోయింది.

అమ్మ గేటు దగ్గర దండెం మీద బట్టలారేస్తోంది. మొదట్నుంచీ అంతా వింది, అంతా చూసింది. చేతిలో ఉన్న తువ్వాలు బకెట్లో పడేసి లోపలికి వెళ్ళి నీళ్ళ గ్లాసు తీసుకుంది. నోటి దాకా తెచ్చి, సింకులో పారబోసింది. బయటికి వచ్చేటప్పుడు తల గుమ్మానికి తగిలింది, వంగి వచ్చింది. గేటు దగ్గరకి వచ్చేసరికి దండెం ఆమె ఛాతీ దాకా ఉంది, వీధిలోకి వచ్చేసరికి నడుము దాకా. ముప్పై ఏళ్ళ కోపం కదా, తొందరపడకుండా ఒక్కొక్క ఏడాదిగా లేచింది.

ఎదురింటావిడ కిటికీలోంచి, "వదినా, పనిలో పని, మా సన్‌షేడ్ మీద పిల్లల బంతి ఉంది, కాస్త అందుకుంటావా?" అంది. అమ్మ చెయ్యి చాచి బంతి తీసి ఇచ్చింది. ఇచ్చి, కొడుకు ముందుకి వచ్చి నిలబడింది.

"ముందు బండి లేపావు," అంది.

"అది కాదమ్మా, పెట్రోలు కారిపోతుందని..."

"ముందు బండి లేపావురా."

అన్నయ్యకి పెద్దయ్యాక మొదటిసారి అమ్మతో మాట్లాడటానికి తలెత్తి చూడాల్సి వచ్చింది.

అమ్మ కూతుర్ని లేపి, మోకాలు తుడిచి కట్టు కట్టింది. "తాళం ఇలా ఇవ్వు" అని కొడుకు చేతిలోంచి తీసుకుని కూతురి చేతిలో పెట్టింది. "ఎక్కు. షోరూంకి పోదాం."

"కాళ్ళు అందవమ్మా."

"నావి అందుతాయి. నేను వెనక కూర్చుంటా."

అలాగే వెళ్ళారు. పొట్టి నడిపింది. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా అమ్మ రెండు కాళ్ళూ గుంజల్లా అటూ ఇటూ దింపి, బండిని నిలబెట్టింది. పొట్టి కాళ్ళు మధ్యలో గాల్లో ఆడుతూ ఉన్నాయి. పక్కన ఆగిన బస్సు డ్రైవరు ఒకసారి చూసి, పచ్చ దీపం పడగానే తన దారిన పోయాడు.

సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. "సార్ రాలేదా మేడం?"

"రాలేదు," అంది అమ్మ. ఆమె తల పైకప్పు పలకలకి ఆనుతోంది. "బండి మార్చాలి."

"గీత పడిందండీ. ఒకసారి బయటికి వెళ్ళిన బండి వెనక్కి తీసుకోం."

"వాడు నీతో ఏం చెప్పాడో నాకు తెలుసు. నా కూతురి మొహం చూడొద్దన్నాడు, నువ్వు సరేనన్నావు. ఎందుకన్నావు? నీ జీతం వాడిస్తున్నాడా?" అమ్మ అరవలేదు. అమ్మకి అరవడం అలవాటు లేదు. మాట మాటకీ ఇంకాస్త పెరిగింది, అంతే. పైనున్న పలక ఒకటి లేచి పక్కకి జరిగింది, దాని మీది దుమ్ము అతని టై మీద పడింది.

అతను లోపలికి వెళ్ళి మేనేజరుతో గుసగుసలాడి వచ్చాడు. "కాగితాలు ఇంకా ఆఫీసుకి పంపలేదండీ. ఆ గీతకి అయ్యేది పట్టుకుని, మిగతాది కొత్త బండిలోకి మార్చేస్తాం."

"గీత వరకే. సరే. ఇప్పుడు పొద్దున చెయ్యని పని చెయ్యి. దాన్ని అడుగు."

అతను గొంతు సర్దుకుని, పొట్టి వైపు తిరిగి, ఆమె కళ్ళలోకి చూశాడు. "మీకు ఎలాంటి బండి కావాలి మేడం?"

పొట్టి కోపం కోసం లోపల వెతుక్కుంది. కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తన తరఫున తానే కోప్పడాల్సి వచ్చింది. ఇవాళ ఆ పని అమ్మ చేస్తోంది. అన్నయ్య భుజం దాకా కూడా రాని తన అసలు పొడుగుతో, అంత పెద్ద షోరూం మధ్యలో, హాయిగా నిలబడి ఉంది. కళ్ళు చెమర్చాయి గానీ ఏడవలేదు.

తొందరపడలేదు. ఒక బండి క్లచ్ గట్టిగా ఉందని దిగింది. ఇంకోదాని హ్యాండిల్ దూరంగా ఉందంది. ఇంకోదాన్ని ఒక్కతే తోసి చూసి, "బరువు, గుంతల్లో నేను లేపలేను," అంది. సేల్స్‌మన్ ప్రతిదానికీ ఆమెకే జవాబు చెప్పాడు. ఆఖరికి నల్లదాని దగ్గరికి వచ్చింది. స్టాండు తానే తీసి ఎక్కింది. మునివేళ్ళు ఆనాయి, పాదాలు ఆనాయి, మడమలు ఆనాయి. కింద గచ్చు చల్లగా తగిలింది. చెప్పు పోయిందన్న సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదే," అంది.

మర్నాడు చీకటి విడకముందే ఐసు డబ్బా వెనక కట్టుకుని పొట్టి వెళ్ళిపోయింది. వీధి మలుపులో ఎవరో అడ్డం వస్తే ఆగింది, రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది, మళ్ళీ కదిలింది. అమ్మ గేటు మీద మోచేతులు ఆనించి చూసింది. గేటు ఆమెకి తొడల దాకానే వస్తుంది కాబట్టి బాగా వంగాల్సి వచ్చింది.

అన్నయ్య ఆలస్యంగా లేచి, మొహం మాడ్చుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, టీ."

అమ్మ పొడుగు రాత్రి గడిచినా వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ దిగలేదు కూడా. వంటింటి గుమ్మం అవతల నిలబడి, లోపలికి ఒకసారి చూసింది.

"పొయ్యి నాకు మరీ కిందికి అయిపోయిందిరా," అంది. "నువ్వే పెట్టుకో. నాకూ ఒక కప్పు పెట్టు."