మెట్లెక్కిన ఇసుక

మే నెల వచ్చిందంటే ఎలాదియో పొద్దున్నే పడక కుర్చీలన్నీ బయటికి ఈడ్చి, ఉప్పుగాలికి పెచ్చులూడిన రంగు గీకి, మళ్ళీ నీలం పూస్తాడు. లా పాల్మా దీవి పడమటి ఒడ్డున, అగ్నిపర్వతం కాళ్ళ దగ్గరున్న ఆ చిన్న ఊళ్ళో పర్యాటకులకు కుర్చీలు, గొడుగులు, తొక్కుడు పడవలు అద్దెకిచ్చేది అతనొక్కడే. అతని పక్కనే బెనిల్దే కొట్టు. ఆమె పెనం మీద రాతిగుల్లలు వెల్లుల్లి నూనెలో చిటపటలాడుతుంటే, నీళ్ళలో మునిగి చేపల్ని చూస్తున్నవాళ్ళు కూడా తలలు పైకెత్తుతారు.

అయితే అక్కడి తీరం ఏడాది పొడుగునా ఉండదు. అక్టోబరులో మొదటి పెద్ద అలలు తగలగానే ఆ నల్ల ఇసుకంతా లేచి, సముద్రం అడుగునుంచి ఎటో వెళ్ళిపోతుంది. ఎటని ఎవరూ అడగరు. అగ్నిపర్వతం కన్న ఇసుక, దానికీ చూసి రావాల్సిన చుట్టాలుంటారని ఊరుకుంటారు. చలికాలమంతా ఒడ్డున బోడి బండలే మిగులుతాయి. మేలో అది తిరిగొచ్చి తన చోట తాను పడుకుంటుంది. ఊరివాళ్ళు చెయ్యాల్సిందల్లా, చెప్పుల్లోంచి, దుప్పట్లలోంచి, పిల్లల చెవుల్లోంచి రాలిన ఇసుకను ఇంటికో డబ్బాలో దాచి ఉంచి, అది రాగానే తిరిగి దాని ఒళ్ళో పొయ్యడం. ఒక్క రవ్వ తక్కువైనా అది పడుకోదు.

ఈసారి పడుకోలేదు. వచ్చిందైతే వచ్చింది. అన్ని ఇళ్ళవాళ్ళూ డబ్బాలు వంచారు, వేయించిన గింజలు విసిరిన గోఫియో పిండి చల్లారు, ద్రాక్షసారా పోశారు. అయినా అది బండల మీద ఇంటెత్తున నిలబడే ఉంది. వారం గడిచింది. బస్సుల్లో వచ్చిన పర్యాటకులు దాన్ని ఫొటోలు తీసుకుని, పడుకోవడానికి చోటు లేక పక్క ఊరికి పోయారు.

"ఎవరి కొంపలోనో మిగిలిపోయిందర్రా! మంచాల కింద చూడండి, మీ మొగుళ్ళ జేబుల్లో చూడండి," అని ముసలి ఫెర్మీనా అత్త వీధి వీధీ తిరిగి అరిచింది. చేపలు పట్టేవాళ్ళలో ఆమె మాటకు తిరుగులేదు.

ఎలాదియో తలొంచుకుని రంగు పూస్తూనే ఉన్నాడు. ఆ మిగిలింది ఎక్కడుందో అతనికి తెలుసు. కిందటి అక్టోబరులో కొట్లు మూసిన రోజు, బెనిల్దే అలసిపోయి అతని గడప మీద కూర్చుని చెప్పులు దులుపుకుంది. ఆమె వెళ్ళాక ఆ దోసెడు ఇసుకను ఊడ్చి తన డబ్బాలో వెయ్యబోయి, చెయ్యి రాక, చిన్న బిస్కెట్ల డబ్బాలో పోసి గడియారం వెనక దాచుకున్నాడు. కుర్చీలవాడికి, అందరికన్నా ముందు ఇసుక తిరిగిచ్చేవాడికి, అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి ఉండదు.

అప్పుడే బెనిల్దే వచ్చింది.

"పెనం అమ్మేశాను ఎలాదియో. రేపటి పడవకు తెనెరిఫే దీవికి పోతున్నా. అక్కడ హోటల్ వంటింట్లో పని దొరికింది."

"ఇంకో రెండు రోజులు చూడరాదూ?"

"దేనికోసం చూడాలి చెప్పు?"

అతను కుంచె వైపు చూశాడు. ఇసుక తిరిగిచ్చేస్తే ఆమెది ఏదీ తన దగ్గర మిగలదు. ఇవ్వకపోతే ఆమే మిగలదు. ఇంత చిన్న లెక్క తేలక వారం రోజులుగా అతనికి నిద్ర లేదు.

"ఏం లేదులే," అన్నాడు.

ఆ మాట పూర్తవగానే కింద ఒడ్డున పెద్ద చేటతో గింజలు చెరుగుతున్నట్టు చప్పుడైంది. వీధిలో వాళ్ళంతా అటు తిరిగారు. తీరం కదులుతోంది. బండలు దిగి, పడవల రేవు దాటి, నల్లగా మెరుస్తూ మెట్ల వీధి ఎక్కుతోంది. ఒక్క పూలకుండీ పడలేదు, దారికి అడ్డంగా పడుకున్న కుక్క మీద ఒక్క రవ్వ పడలేదు. నిన్నటి ఎండ వెచ్చదనం, ఎవరూ చూడని లోతుల వాసన దానితోపాటు వచ్చాయి. ఫెర్మీనా అత్త తల మీది టోపీ తీసి గుండెలకు హత్తుకుంది. అంత పెద్దది, అంత పాతది, అంత మెల్లగా నడవడం చూసి పసిపిల్లలు కూడా ఏడుపు మానేశారు.

అది ఎలాదియో గడప ముందు ఆగింది. అతను కుంచె కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చాడు. ఊరంతా చూస్తోంది.

"ఎవరిదయ్యా అది?" అంది ఫెర్మీనా అత్త.

"బెనిల్దేది. ఆమె చెప్పులు దులిపినప్పుడు రాలింది," అన్నాడు, ఇసుకతోనే చెబుతున్నట్టు. "ఆమెది ఏదైనా ఒకటి ఇంట్లో ఉండాలనిపించింది. అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలీదు."

మూత తీసి వంచాడు. దోసెడు ఇసుక ఆ కొండంత ఇసుకలో కలిసిపోయింది. తీరం ఒక్కసారి నిట్టూర్చినట్టు కుంగి, వెనక్కి తిరిగి, వచ్చినంత మెల్లగా మెట్లు దిగి వెళ్ళి తన చోట పడుకుంది. అలలు వచ్చి దాని అంచు తడిపాయి. చూస్తున్నవాళ్ళంతా మెట్ల అంచుకు వచ్చి తొంగి చూశారు.

బెనిల్దే మాత్రం గడప దగ్గరే నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు కొట్టు పెట్టిన ఏడాది నుంచి."

"ఓరి మూగమొద్దూ! తీరం తీరమంతా లేచి మెట్లెక్కి రావాల్సి వచ్చిందా, నీ నోట్లోంచి నాలుగు ముక్కలు ఊడిపడటానికి?" ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. వీధిలో అప్పటిదాకా బిగబట్టిన ఊపిర్లన్నీ ఒక్కసారి వదిలినట్టు జనం గొల్లున నవ్వారు. "ఆమె అమ్మిన పెనం వెనక్కి తెచ్చిపెట్టు పో, అల్లుడూ!" అంటూ ఎవరో ఎలాదియో వీపు చరిచారు.

బెనిల్దే లోపలికి నడిచింది. తీరం గడప ముందు కావాలనే వదిలి వెళ్ళిన నల్ల ఇసుకతో కడిగిన గచ్చు మీద ఆమె అడుగులు వరసగా పడ్డాయి. పాత అలవాటు కొద్దీ ఎలాదియో చెయ్యి మూలనున్న చీపురు వైపు వెళ్ళింది.

"ఉండనీ," అంది బెనిల్దే. "మళ్ళీ మే నెల ఎటూ వస్తుందిగా. అప్పుడు ఇద్దరం కలిసి ఇచ్చేద్దాం."