సంతంతా ఏడ్చిన గురువారం

గురువారం సంతకు జున్ను తెచ్చిన అగోతా బండి దిగకముందే కొడుకును చూసింది.

చర్చి ఎదుట రాళ్లు పరిచిన నేల మీద మూడు శవాలు పడేసి ఉన్నాయి. ఒంటి మీద చొక్కాల్లేవు, కాళ్లకు బూట్లు లేవు. మధ్యలోవాడు యుర్గిస్. నాలుగేళ్లుగా అడవిలో ఉండి సోవియట్ సైన్యంతో పోరాడినవాడు.

పక్కనే సైనికాధికారి కుర్చీ వేసుకు కూర్చున్నాడు. అతని చూపు శవాల మీద లేదు, సంతకొచ్చే వాళ్ల మొహాల మీద ఉంది. ఎవరి కళ్లు తడిస్తే వాళ్ల ఇంటిల్లిపాదీ సైబీరియాకే. లిథువేనియాలో ఆ ఏడు పసిపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. అగోతాకు ఇంటి దగ్గర ఇద్దరు కూతుళ్లున్నారు.

ఆమె జున్నుగడ్డలు బల్ల మీద పేర్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

“అటు చూడకు వదినా,” గొణిగింది పక్కన గుడ్లమ్మే బార్బొరా. “నీ కాళ్లు పట్టుకుంటాను.”

“చూడట్లేదే.”

“ఎన్నాళ్లిలా? మన బిడ్డల్ని మనమే ఎరగనట్టు!” అంది వెనక బల్ల దగ్గర ఉల్లిపాయలమ్మే సలొమేయా. పొలం గట్టు తగాదాతో ఆమెకూ అగోతాకూ ఆరేళ్లుగా మాటల్లేవు.

“నోర్ముయ్యవే!” కసిరింది బార్బొరా. “నీకేం, ముందూ వెనకా ఎవరూ లేరు. మాకు పిల్లలున్నారు.”

సలొమేయా మబ్బు పట్టిన ఆకాశాన్ని ఓసారి చూసి ఉల్లిపాయలు ఏరుకోసాగింది.

ఇంతలో లియూదాస్ వచ్చాడు. ఊళ్లోవాడే. యుర్గిస్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నాడు. ఇప్పుడు అధికారికి మాటలు తర్జుమా చేస్తాడు. ఈ శవాల్లో ఎవరినీ ఎరగనని మాత్రం అతనితో చెప్పాడు.

“అత్తా, ఆడవాళ్లను ఒక్కొక్కరినే రమ్మంటున్నారు.”

“జున్నెవరు చూస్తార్రా?”

“జున్నెక్కడికీ పోదు. నడు.”

శవం పక్కన నిలబెట్టారు. అధికారి బూటు కొనతో యుర్గిస్ తలను ఆమె వైపు తిప్పాడు.

“వీడెవడో చెప్పమంటున్నారు,” అన్నాడు లియూదాస్.

“తెలీదు.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. తెలీదయ్యా.”

వాడి పెదవి మీద ఈగ వాలింది. తోలడానికి లేచిన చేతిని అగోతా గౌను మడతల్లో దాచుకుంది. కన్నతల్లి ఈగనైనా తోలలేకపోయింది. ఇంకొక్క క్షణమైతే కేక బయటపడేదే.

అప్పుడు సంతలో ఏడుపు లేచింది. సలొమేయా పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, గుండెలు బాదుకుంది. “నా తండ్రీ! నా బంగారు కొండా!”

“వాడు నీకేమవుతాడే?” అరిచాడు లియూదాస్.

“నా కొడుకు!”

“నీకు కొడుకులెక్కడున్నారే?”

“ముగ్గురున్నార్రా! ఇదుగో, మీరే పడుకోబెట్టారుగా!”

బార్బొరా గుడ్లబుట్ట కింద పెట్టి బావురుమంది. మాంసం కొట్టావిడ, టోపీలమ్మే ముసలాయన, చర్చి మెట్ల మీది బిచ్చగత్తె, అందరూ అందుకున్నారు. ఆ హోరులో అగోతా తన ఏడుపు తాను ఏడ్చుకుంది. ఏది తల్లి ఏడుపో అధికారికి అంతుపట్టలేదు. గాల్లోకి కాల్పించాడు. ఎవరూ ఆపలేదు.

సలొమేయాను జుట్టు పట్టి లారీ ఎక్కించారు.

“సలొమేయా!” ఆరేళ్ల తర్వాత పేరు పెట్టి పిలిచింది అగోతా.

“ఉల్లిపాయలు తడవనీకే,” అందామె. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. శవాలను ఎక్కడ పూడ్చారో కూడా తెలియలేదు.

పై గురువారం మరో రెండు శవాలు. అగోతా వాళ్లను ఎరగదు. చేపలమ్మే కొత్త మనిషి ఒకామె మాత్రం బుట్ట పిడిని వేళ్లు తెల్లబడేలా బిగించి నిలబడి ఉంది. అధికారి చూపు అటు తిరుగుతోంది.

అగోతా బల్ల దాటి ముందుకు నడిచింది.

“నా కొడుకో!” అని అరిచింది.

ఆమె వెనక ఒక్కో ఏడుపూ లేస్తుంటే, బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.