జంగమ్మ పొద

"గట్ల గాదు మనవరాలా. 'నేను' అని రాయకు, కొట్టెయ్. అంజిలయ్య అని రాయి. వాడు చేసింది వాని పేరు మీదనే ఉండనియ్యి. నీ బడి తెలుగులనే రాసుకో, నేను నిదానంగ చెప్త."

రజాకార్ల గడబిడ అణిగిన ఏడాది, అనంతగిరి వెనక వాలున గొర్రెలు మేపుతుండగా అంజిలయ్య భార్య హన్మమ్మ ఒక పొద నీడన ఆడపిల్లను కన్నది. ఆ పొద ఆ వాలు మీద తప్ప ఇంకెక్కడా మొలవదని కురుమ పెద్దలు చెప్పేవారు. ఏడాదికి బెత్తెడు కూడా పెరగదు. పన్నెండేళ్లు దాటితే గాని పూయదు. పిల్లకు జంగమ్మ అని పేరు పెట్టి, పొద పక్కన లేచిన పిలకను వేళ్ల మట్టితో సహా గొంగట్లో చుట్టుకొని తాండూరు దగ్గరి తన ఊరికి తెచ్చాడు అంజిలయ్య. నాటడానికి సొంత జాగా జానెడు లేదు. బాల్‌రాజ్ పటేల్ బీడులో, రాళ్లు తేలిన ఎర్రమట్టి దిబ్బ మీద పాతాడు.

పటేల్ చూసి పగలబడి నవ్వాడు.

"నా బీడుల నీ పొదేందిరా?"

"బిడ్డ పేరు మీద పెట్టిన పటేలా. పన్నెండేండ్లు దాటితే పూస్తది."

"అట్లనా? అయితే ఇను. గది పూసిన నాడు గీ రెండెకరాలు నీ బిడ్డకే ఇస్త. అందాక ఏటేటా నీ మంద నా చేన్లల్ల పెట్టు, గింజలు అడగకు."

నలుగురు పెద్దల ముందర అన్న మాట. అంజిలయ్య పటేల్ కాళ్లు మొక్కాడు.

గొర్రెల మంద పడుకున్న చేను మరుసటేడు విరగపండుతుంది. అందుకే రైతులు కురుమలకు జొన్నలు కొలుస్తారు. పటేల్ జొన్నలు రాక ఇంట్లో ఏటికేడు అంబలి పలచబడింది. పొద మాత్రం బతికింది. హన్మమ్మ దాని చుట్టూ ముళ్లకంప కట్టింది. జంగమ్మ నడక నేర్చిన నాటి నుంచి ముంతతో నీళ్లు పోసింది.

"నా చెల్లె ఎప్పుడు పూస్తదే అవ్వా?" అని తల్లిని రోజూ అడిగేది.

పదమూడో ఎండాకాలం మొగ్గలు తొడిగింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. అంజిలయ్య కంటికి మాత్రం అవి సన్నగా కనబడ్డాయి. నేలలో సత్తువ లేక రాలిపోతాయేమోనని బుగులు. సత్తువకు కురుమోడికి తెలిసిన మందు ఒక్కటే. కంప తీసేసి, పొద చుట్టూ మంద పెట్టబోయాడు.

"గుట్ట మీద దానికి ఎవడు మంద పెట్టిండయ్యా? రాళ్లల్ల పుట్టింది, రాళ్లల్లనే ఉండనియ్యి," అన్నది హన్మమ్మ.

"నీకేమెరుకనే? నోర్ముయ్."

అటుగా వచ్చిన పటేల్ ఆగాడు. అదే గుట్ట పొదను పెరట్లో పెట్టి, పెంట పోసి రెండుసార్లు చంపుకున్నవాడు అతను. ఆ సంగతి అంజిలయ్యకు తెలిసేసరికి పదేళ్లు పట్టింది.

"పెట్టు అంజిలయ్యా," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "మంద పెట్టినంక పండని నేల నేనైతే చూడలే."

నాలుగు రాత్రులు మంద పడుకున్నది. గొర్రెల ఉచ్చ, పెంటికల వేడి కలిసి వేళ్లను ఉడకబెట్టాయి. అయిదోనాడు ఆకులు మాడి మొగ్గలు రాలాయి. పటేల్ ఆ పెద్దలనే వెంటబెట్టుకొచ్చి, రాలిన మొగ్గను చెప్పుతో తిప్పి చూశాడు.

"పూయలే గద? నేనైతే మాట తప్పలే." తర్వాత జంగమ్మ వైపు చూశాడు. "పిల్ల మొన్ననే పెద్దమనిషైందంట. నీళ్లు పోస్తుంటే నీడ పడ్డదేమో."

ఆ మాటను అంజిలయ్య చేతులు చాచి అందుకున్నాడు. తానే చంపుకున్నానని ఒప్పుకోవడం కంటే అది తేలిక. అందరి ముందర గొర్రెల కట్టెతో పిల్లను కొట్టాడు.

"నీ నీడ మండ! రెండెకరాలు మింగినవు గదనే!"

"దూరంకెల్లే పోసిన నాయినా! దూరంకెల్లే!"

కట్టె విరిగేదాకా ఆపలేదు. వారం తిరగకముందే దౌల్తాబాద్‌లో తన అక్క ఎంకమ్మ ఇంటికి పనికి తోలాడు. జంగమ్మకు అక్కడే పెళ్లయింది, అంజిలయ్య పోలేదు. హన్మమ్మ చనిపోతే కబురైనా పెట్టలేదు.

ఆ ఏడు పటేల్ బీడు దున్ని కందులు చల్లాడు. పొద ఎండిన చోట చేను మనిషెత్తు లేచింది. కోతకు కూలికి పోయినవాళ్లలో అంజిలయ్య కూడా ఉన్నాడు.

"రాసినవా మనవరాలా? మీ మేనత్త జంగమ్మ గీ దినానికి కూడ పూలచెట్టును ముట్టదంట. దౌల్తాబాద్ పోయి గిది సదివి ఇనిపియ్యి. మంద పెట్టిన కాడికి వచ్చినంక జర గట్టిగ సదువు. అక్కడ అంజిలయ్య అనకు. 'నీ నాయిన' అని సదువు."