ఎంగిలి పొగ

నేను ఒక ఈజీఆర్ వాల్వుని. పేరు విని ఏదో పెద్ద హోదా అనుకునేరు, అరచేతిలో ఇమిడే ఇనుప ముక్కని. డీజిలు కారులో ఇంజను పక్కన, ఎవరి కంటా పడని మూల నా కాపురం. ఇంజను విడిచిన పొగలో కొంత పట్టుకుని మళ్ళీ దాని నోట్లోకే పంపడం నా ఉద్యోగం. అలా పొగ కలిస్తే లోపలి మంట కాస్త నెమ్మదించి, ఊరి గాలిలో కలిసే విషం తగ్గుతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఎంగిలి తినిపించే పని. లోకంలో ఎవరి ఎంగిలి వాళ్ళే తింటే సగం గొడవలు ఉండవు గానీ, ఆ మాట మనుషులకి చెబితే వింటారా?

నన్ను పోతపోసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఫ్యాక్టరీలో పరీక్ష బల్ల మీద పెట్టి గాలి ఊదినప్పుడు చక్కగా తెరుచుకుని చక్కగా మూసుకున్నానని ఒకమ్మాయి నా వీపు మీద పచ్చరంగు చుక్క పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక నాకు దక్కిన బొట్టు అదొక్కటే.

మొదటి యజమాని కాకినాడలో రోడ్ల కాంట్రాక్టరు. తాను వేసిన రోడ్ల మీద తాను పొరపాటున కూడా వెళ్ళేవాడు కాదు. మంచి రోడ్లు వెతుక్కుని కారుని పరుగులు తీయించేవాడు. ఆ వేడికి నాలో మసి నిలిచేది కాదు. మనిషి ఎలాంటివాడైనా, అతని దగ్గర నా ఆరోగ్యం మాత్రం భేషుగ్గా ఉండేది.

తర్వాత కారు, అద్దెకి బండి తిప్పుకునే నూకరాజు చేతికొచ్చింది. మారేడుమిల్లి దాటాక ఘాట్ రోడ్డు మీదున్న చిన్న ఊరు అతనిది. కొన్న రోజునే వెనక అద్దం మీద 'నిదానమే ప్రధానం' అని రాయించాడు. చాలామంది రాయించి మరిచిపోతారు. నూకరాజు దాన్ని వేదవాక్కుగా పట్టుకున్నాడు.

దానికి కారణం మాణిక్యాంబ టీచరు. అక్కడి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పి, రిటైరయ్యాక కూడా ఆ కొండగాలిని వదల్లేక అక్కడే ఉండిపోయిన మనిషి. ఆవిడకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒక్క వంతు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వెనక సీట్లో వడిలిన తోటకూర కాడలా వాలిపోయేది. చిన్న కుదుపుకే కళ్ళు తిరిగేవి. అందుకని నూకరాజు కొండ ఎక్కేటప్పుడు కూడా మూడో గేరు నుంచి రెండుకి దించకుండా, ఇంజను గొణుగుతున్నా పట్టించుకోకుండా, పసిబిడ్డని ఎత్తుకుని నడిచినట్టు కారు నడిపేవాడు.

వెదురు పొదల మలుపు దగ్గర మాత్రం ఆవిడ లేచి కూర్చునేది. "ఇక్కడ కాస్త మెల్లగా, నూకరాజూ" అనేది. లోయ కనిపించినంతసేపూ చూసి మళ్ళీ వాలిపోయేది. ఆ రోజులంత మంచి రోజులు నా బతుకులో మళ్ళీ రాలేదు. విచిత్రమేమిటంటే, నన్ను చంపినవీ ఆ రోజులే.

ఆ నిదానం నాకు పడదు మరి. వేడెక్కని ఇంజను మసి కక్కుతుంది, ఆ మసి నా గొంతులో పేరుకుంటుంది. నానాటికీ తీసికట్టు నాగంభొట్లు అన్నట్టయింది నా పని. తెరుచుకుంటే మూసుకోలేకపోయేవాణ్ణి. నూకరాజు పాపం, నన్ను విప్పి, అరుగు మీద కూర్చుని, పాత పళ్ళబ్రష్షుతో డీజిలులో కడిగేవాడు. నాలుగు రోజులు బాగుండేవాణ్ణి. మళ్ళీ మామూలే.

చివరికి రంపచోడవరంలో మెకానిక్ మస్తాను నన్ను వెలుతురులో పట్టుకుని పెదవి విరిచాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టుంది నీ యవ్వారం. లోపల మూత అరిగిపోయిందెహె. ఇక కడిగినా మూసుకోదు. కొత్తదేయించు."

"ఎంతసేపు పడద్ది?"

"సేపేంటి! గొట్టం మొత్తం ఊడదియ్యాలి. ఆ బోల్టులన్నీ తుప్పట్టేశాయి, ఇరిగితే బండి రెండు మూడ్రోజులు లేవదు."

నూకరాజు గతుక్కుమన్నాడు. "అయ్యబాబోయ్! మధ్యలో టీచరుగారి వంతు పోద్ది కదా. ఇంకో బండోడికి అప్పజెబితే గోతుల్లో కుదిపేత్తాడు."

"అయితే ఓ పని చేద్దాం. రేకు ముక్క కోసి దీని నోటికి అడ్డం పెట్టేద్దాం. అందరూ చేసేదే. బండి గుర్రంలా లాగుద్ది."

అప్పటికి ఆ మాట దాటేశాడు గానీ నూకరాజు బుర్రలో రేకు ముక్క తిష్ఠ వేసింది. ఇవాళ రేపు అంటూ వారాలు గడిపాడు. ప్రతి ప్రయాణంలో నేనెక్కడ మొండికేస్తానో అని అతనికి గుండె దడ. నాకూ అంతే. ఆవిడని మధ్య దారిలో దింపేసే పాపం నాకు చుట్టుకోకూడదని ఎంత బిగబట్టుకునేవాణ్ణో!

ఒక సాయంత్రం ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ ఘాట్ ఎక్కుతుంటే నేను తెరుచుకుని అలాగే బిగుసుకుపోయాను. ఇంజనుకి ఊపిరాడలేదు. నూకరాజు కంగారుగా యాక్సిలరేటరు తొక్కాడు. వెనకనుంచి నల్లటి పొగ ఒక్కసారిగా రోడ్డంతా కమ్మేసింది. సరిగ్గా అప్పుడే ఆశ్రమ పాఠశాల పిల్లలు వరసగా నడిచి వెళుతున్నారు. ఓణీలు ముక్కులకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ కొండవారకి ఒదిగిపోయారు.

టీచరు వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ ముఖం చూడలేక నేను సిగ్గుతో చచ్చిపోయాను. కారు ఎలాగో దేక్కుంటూ మలుపు దాటి ఆగింది.

"రేపు రేకెట్టించేత్తానండి టీచరుగారూ. ఇక పొగ రాదండి" అన్నాడు నూకరాజు, ఎటో చూస్తూ.

"కనపడే పొగ రాదు. కనపడని విషం?"

నూకరాజు తల గోక్కున్నాడు. "అది... వత్తాదండి."

"అంటే ఆ పిల్లలు దగ్గకుండా పీల్చాలి, అంతేనా? మరి కొత్తది ఎందుకు వేయించవు?"

ఇక దాచలేక బోల్టుల సంగతీ, వంతు తప్పుతుందన్న భయం సంగతీ చెప్పేశాడు.

"పిచ్చివాడా! రోజు విడిచి రోజు నన్ను కడుగుతున్నారు, నువ్వేమో దాన్ని కడుగుతున్నావు. నాకు ఈ వయసులో కొత్తవి వేయడానికి లేదన్నారు డాక్టర్లు. లేదు కాబట్టి కడిగించుకుంటున్నాను. దానికి కొత్తది ఉంది కదరా! ఉండీ వేయించకపోతే ఎలా? ఎల్లుండి నన్ను ఆస్పత్రిలో దింపి బండి మస్తాను దగ్గర పెట్టు. మళ్ళీ వంతు అయ్యేదాకా ఆ పక్క సత్రంలోనే ఉంటాను. గోదావరిని తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో."

నూకరాజు స్టీరింగు మీద తల ఆన్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అలా నా ఉద్యోగం ఊడింది. అనుకున్నట్టే బోల్టులు విరిగాయి. మస్తాను నన్ను పాత సామాన్ల గుట్టలోకి విసరబోతే, టీచరు అడిగిందని నూకరాజు నన్ను తీసుకెళ్ళాడు. ఆవిడ కిటికీలో పేపరు ఎగిరిపోకుండా బరువుగా కూర్చున్నాను. కొత్తవాడి గొంతులోనూ మసి పేరుకోకుండా ఇంజనుకి అప్పుడప్పుడైనా చెమట పట్టాలని మస్తాను చెప్పాడట. ఆవిడకి ఒళ్ళు కుదురుగా ఉన్న పొద్దుట, "రెండో గేరు వేసి తొక్కరా, నాకేమీ కాదు!" అని తొందరపెట్టి, కారు ఉరికితే పకపకా నవ్వేదట. ఆ నవ్వు నేను వినలేదు. ఇన్నేళ్ళు సేవ చేసి, ఆ ఒక్కటీ వినే యోగం కొత్తవాడికి వదిలేశానని ఇప్పటికీ ఉక్రోషంగానే ఉంటుంది.

వానలు వెనకబట్టిన రోజుల్లో టీచరు పోయింది. వంతు తప్పి కాదు, నిద్రలో. ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు నూకరాజు వచ్చి, ఏమీ అడగకుండా నన్ను మాత్రం జేబులో వేసుకున్నాడు. కారులో ముందద్దం దగ్గర నూకాలమ్మ పటం పక్కన నిలబెట్టాడు. అన్నేళ్ళు ఇంజను పక్కనుండి ఏనాడూ రోడ్డు చూడని నేను ఇప్పుడు ఘాట్ రోడ్డంతా చూస్తున్నాను.

ఇప్పుడు కారులో వేరే రోగులు వెళుతున్నారు. మొన్న వెదురు పొదల మలుపులో కారు దానంతటదే నెమ్మదించినట్టు నెమ్మదించింది.

"ఏం బాబూ, బండాగిపోద్దా?" అని వెనకనుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"లేదండి. ఇక్కడ కాస్త మెల్లగా ఎళ్ళాలండి" అన్నాడు నూకరాజు.

లోయ దాటాక రెండో గేరు వేసి గట్టిగా తొక్కాడు. లోపల కొత్తవాడు చక్కగా తెరుచుకుని, చక్కగా మూసుకున్నాడు. నేను పక్క అద్దంలోంచి వెనక్కి చూశాను. బడిపిల్లలు కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. ఒక్కరూ ఓణీ ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు.