స్పెయిన్‌కి రిహార్సలు

రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తారీఖు వచ్చింది, ప్రపంచంలో ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఆగిపోకూడదనే కదా మా ఆయన రెండేళ్లపాటు పాత ప్రోగ్రాముల ముందు కూర్చుని సంవత్సరంలో రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు వేసింది. ఆఫీసులో అందరూ సంతోషించారు. పని అయిపోయింది కాబట్టి కాంట్రాక్టు కూడా అయిపోయిందని కేకు కోసి మరీ చెప్పారు.

మా ఆయన పేరు జనార్దనరావు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. వారం తిరక్కుండానే ఓ ఏజెంటు ఆయనకి కొత్త పని చూశాడు. బార్సిలోనాలో ఒక బ్యాంకు. యూరో అనే కొత్త డబ్బు వస్తోంది కదా, దానికోసం మళ్లీ ఆ పాత ప్రోగ్రాములే మార్చాలి. రెండేళ్ల పని. సోమవారంలోగా ఔననో కాదనో చెప్పాలి.

"సెలవు రోజుల్లో కారేసుకుని తిరగొచ్చు కాత్యాయనీ," అన్నారు. "స్పెయిన్ దాటితే ఫ్రాన్సే. ప్లానూ గీనూ ఏమీ ఉండదు. నచ్చినచోట ఆగడం, నచ్చితే ఉండడం. ఇద్దరమే."

ఈ మాటలు ఆయన సొంతం కాదు. వాళ్ల మేనేజరు ఒకాయన భార్యతో అలా తిరిగొచ్చి ఫొటోలు చూపించాడు. వాటిలో ఒకటి మా ఇంటికి కూడా వచ్చింది. ఆ మొగుడూ పెళ్లాలు ఏదో చెట్టుకింద దుప్పటి పరుచుకుని రొట్టె తింటున్నారు. వెనకాల ద్రాక్షతోట. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నారట. మధ్యాహ్నమంతా ఏం మాట్లాడుకున్నారో అని నేను ఆ ఫొటో చాలాసేపు చూశాను.

ఈ దేశంలో మేముంటున్న పారమట్టా నాకు ఇప్పుడిప్పుడే అలవాటైంది. చిన్నపిల్లల సెంటర్లో సగంపూట పని దొరికింది. శనివారాలు హెలెన్స్‌బర్గ్ గుడి వంటింట్లో కూరలు తరుగుతాను. అవన్నీ వదులుకుని వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. వదులుకుని వెళ్తే అక్కడ నాకు ఏముంటుందన్నదే నా ప్రశ్న. రెండేళ్లుగా ఆయన నాతో అన్న మాటలు కలిపితే, సాక్సులెక్కడ, టీ పెట్టు, పడుకో నాకు ఆలస్యమవుతుంది, ఇవే. ఊరు మారితే మాటలు మారతాయా?

అందుకని ఒక మాట అన్నాను. "స్పెయిన్ సంగతి తర్వాత. ముందు ఇక్కడ తిరుగుదాం. హెలెన్స్‌బర్గ్‌లో స్వామిని చూసుకుని, లోపలి ఊళ్ల మీదుగా మెల్లగా మెల్‌బోర్న్ వెళ్లి, అక్కడి కేరమ్ డౌన్స్ గుళ్లో దర్శనం చేసుకుందాం. అక్కణ్ణించి మీరు ఏజెంటుకి ఫోన్ చెయ్యండి. నేను వచ్చేదీ రానిదీ అప్పుడు చెబుతాను."

"రిహార్సలా?" అని నవ్వారు.

"అలాగే అనుకోండి."

శుక్రవారం పొద్దున్నే హెలెన్స్‌బర్గ్‌లో కారుకి పూజ చేయించాం. పాతదే అయినా మాకు కొత్త కారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టాం. పూజారిగారు దారిలో తినమని స్వామి దగ్గర పెట్టిన పళ్లన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చారు. మామిడిపళ్లు, అరటిపళ్లు, కమలాలు. నేను స్వామిని ఒక్కటే అడిగాను. ఒక్కపూట ఈయన నా పక్కన ఊరికే కూర్చునేటట్టు చూడు తండ్రీ అని. అంత చిన్న కోరిక అడగడానికి కొంచెం సిగ్గేసింది కూడా.

హైవే ఎక్కాక ఆయన చల్లగా చెప్పారు.

"రాత్రికి వాగ్గాలో కేశవరావుగారింట్లో దిగుతున్నాం."

"మోటెల్ అనుకున్నాం కదండీ."

"ఆ ఊళ్లో తెలుగువాళ్లుండగా మోటెలేమిటి? తెలిస్తే మొహం ఎలా చూపిస్తాం? ఎదురుచూస్తామన్నారు పాపం."

"ఆయన మీకు బాగా తెలుసా?"

"ఒకసారి ఫోన్లో మాట్లాడాను."

కేశవరావుగారూ ఆయన భార్య శాంతీ ఎంత మంచివాళ్లో చెప్పలేను. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే తప్పించుకోవచ్చు. మేం కారు దిగడమేమిటి, మగవాళ్లిద్దరూ హాల్లో సోఫాలోకీ, ఆడవాళ్లం వంటింట్లోకీ వెళ్లిపోయాం. ఎవరూ వెళ్లమనలేదు. కాళ్లకి దారి తెలుసు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే హాల్లోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఏ కంపెనీ షేరు ఎంత పెరిగింది, ఎవరు అమెరికా వెళ్లారు, పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్లకి ఇంకెన్నాళ్లు పని ఉంటుంది. మా ఆయన గలగలా మాట్లాడుతున్నారు. ఆ గొంతు విని చాలాకాలమైంది.

"అన్నయ్యగారు ఎంత కలుపుగోలు మనిషి వదినా," అంది శాంతి పకోడీలు తీస్తూ. "మా ఆయన నోరు విప్పరు."

ఇంట్లో ఒక్క గదిలోనే ఏసీ ఉంది. బయట వేడి పెనం మీదిలా ఉంది. అందుకని ఆడవాళ్లనీ పిల్లనీ ఏసీ గదిలోకి పంపి, మగవాళ్లు హాల్లో ఫ్యాను కింద పరుపులు వేసుకున్నారు. వాళ్ల అమ్మాయి పింకీ నాకూ వాళ్లమ్మకూ మధ్య పడుకుని, "మమ్మీ, వై ఆర్ దే హావింగ్ దేర్ హాలిడే ఇన్ అవర్ హౌస్?" అని అడిగింది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడదు ఆ పిల్ల.

"తప్పు పింకీ, అలా అనకూడదు," అంది శాంతి.

తప్పేముందో నాకు తెలియలేదు. నేను అడగాల్సిన ప్రశ్న ఆ పిల్ల అడిగింది.

మర్నాడు బయల్దేరేసరికి బాగా పొద్దెక్కింది. టిఫినూ, మళ్లీ టీ, ఫొటోలు. కారెక్కగానే మా ఆయన, "మధ్యాహ్నానికి లీటన్‌లో నజీముద్దీన్ వాళ్ల దగ్గర భోజనం," అన్నారు. నజీముద్దీన్ ఆయనకి గుంటూరు హాస్టల్లో రూమ్మేటు. లీటన్‌లో బియ్యం మిల్లులో ఎకౌంట్లు చూస్తాడు. "నీకోసం వేరే గిన్నెల్లో పులిహోర చేయిస్తున్నాడట షకీలాచేత. చూశావా, ఎంత అభిమానమో."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒకచోట నది ఒడ్డున పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లూ, నీడలో బల్లా కనిపించాయి. "ఆపండి," అన్నాను. "భోజనానికి ఆలస్యమవుతుంది," అన్నారు. నది వెనక్కి వెళ్లిపోయింది.

నరాండెరా అనే ఊరు ఇంకా రాకముందు రోడ్డుపక్కన ఒక పెద్ద బోర్డూ, దానికింద మూతపెట్టిన చెత్తడబ్బా కనబడ్డాయి. ముందున్న కారువాళ్లు ఆగి ఏవో పళ్లు అందులో పారేస్తున్నారు. మేమూ ఆగి చదివాం. ఇక్కణ్ణించి లోపలంతా పళ్లతోటలట. బయటి పళ్లలో పురుగుంటే తోటలకి పాకుతుందట. పళ్లుగానీ కాయలుగానీ తీసుకెళ్తే జరిమానా.

మా ఆయన వెనక సీటు మీంచి సంచి తీశారు. "పారేసి పోదాం."

"స్వామి దగ్గర పెట్టినవండీ."

"అయితే ఏం చేద్దాం? దాచుకుని వెళ్దామా? పట్టుకుంటే?"

అదీ నిజమే. ప్రసాదం చెత్తడబ్బాలో వెయ్యడం పాపం. మన ప్రసాదంలోని పురుగు ఎవరి తోటనో తినెయ్యడం అంతకంటే పాపం కదా. స్వామి ఏది ఒప్పుకుంటాడు? దీనికి శాస్త్రంలో ఏముందో నాకు తెలియదు. పూజారిగారికీ తెలిసి ఉండదు, ఆయన ఇటువైపు వచ్చి ఉండరు.

"తిందాం," అన్నాను.

"ఇన్నీనా?"

"ఇన్నీ."

"కాత్యాయనీ, నజీమ్ వాళ్లు అక్కడ అన్నాలు పెట్టుకుని..."

"కూర్చోండి."

నా గొంతులో ఏముందో, కూర్చున్నారు. రోడ్డు దిగి ఓ సన్నటి చెట్టు కింద దుప్పటి పరిచాను. ఈలోగా నాకు బంపరు గుర్తొచ్చింది. వెళ్లి దిష్టి దండ విప్పబోతే, "అది పండు కాదే, దిష్టి," అన్నారు. "పురుక్కి ఆ తేడా తెలియదు," అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. దండ విప్పి ఆ డబ్బాలో వేసి, తిన్నవాటి తొక్కలూ టెంకలూ అందులోనే వెయ్యాలని నిశ్చయించుకుని వచ్చి కూర్చున్నాను.

సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. ఆయన రెండుమూడుసార్లు పైకెత్తి చూసి పక్కన పెట్టేశారు. మామిడిపండు ఒకటి ఒత్తి, మూతి కొరికి, చిన్నప్పటిలా జుర్రుకోవడం మొదలెట్టారు. రసం మోచేతి దాకా కారింది. నేను కమలాపండు వలిచి తొనలు చేతిలో పెట్టాను. ఈగలు. పొడిగడ్డి. ఎండకి దూరంగా రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తోంది. ఫొటోలోలా ద్రాక్షతోటేమీ లేదు, చెత్తడబ్బా ఉంది. అయినా కూర్చున్నాం.

"వాగ్గాలో రాత్రంతా ఏం మాట్లాడారు?" అని అడిగాను.

"మామూలే. ఉద్యోగాలు." మోచేతి మీది రసం తుడుచుకున్నారు. "నా పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు కాత్యాయనీ. అదే కనుక్కుంటున్నాను అందరినీ. ఈ స్పెయిన్‌ది అయిపోతే ఇంక..."

మాట ఆగింది. నేను తొన వలవడం ఆపేశాను. ఆయన నా వైపు తిరిగారు. "నీతో చెప్పలేదు గానీ, నాకు..."

అప్పుడు హారన్ మోగింది.

వెనక తొట్టి ఉన్న తెల్లటి యూట్ బండి ఒకటి రోడ్డు దిగి, దుమ్ము రేపుకుంటూ మా ముందుకొచ్చి ఆగింది. నజీముద్దీన్ దిగాడు. వెనకాలే షకీలా, చేతిలో క్యారియరు.

"ఒరేయ్ జనార్దన్! బండి చెడిందేమోనని వెతుక్కుంటూ వస్తే, ఇక్కడ చెత్తడబ్బా పక్కన పిక్నిక్కా?"

"ప్రసాదం పారెయ్యదట మీ వదిన," అన్నారు మా ఆయన.

"మంచిపని చేశావు వదినా," అంది షకీలా నా పక్కన కూలబడి. "ఊళ్లో తోటలవాళ్లకి ఆ పురుగంటే గుండె ఆగిపోద్ది. ఇలా ఇవ్వు, నేనూ ఓటి తింటా."

ఆవిడకి పండిస్తూ తలెత్తి చూశాను. మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. సగం తిన్న మామిడిపండు చేతిలో అలాగే ఉంది. నజీముద్దీన్ భుజం మీద చెయ్యి వేసి, యూట్‌కి ఆనుకుని, ఎవరో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ కంపెనీ గురించి మాట్లాడుతున్నారు. గలగలా. ఆయన మొహంలో విసుగు వెతికాను, లేదు. మాట మధ్యలో తెగిందన్న బాధ వెతికాను, అదీ లేదు. బడిలో లెక్క చెప్పాల్సిన పిల్లవాడికి గంట కొట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

స్వామి నా కోరిక తీర్చాడు. ఒక్కపూట అడిగాను, పూటలో ఓ ముక్క ఇచ్చాడు. ఎక్కువ అడగాల్సిందా, లేక అది దేవుణ్ణి అడగాల్సిన కోరికే కాదా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

పళ్లన్నీ అయ్యాయి. తొక్కలూ టెంకలూ డబ్బాలో వేశాను. వాళ్ల బండి ముందు, మా కారు వెనక బయల్దేరాం.

"ఏజెంటుకి మీ ఒక్కరికే టిక్కెట్టు చెప్పండి," అన్నాను.

ఆయనకి వెంటనే అర్థంకాలేదు. "అదేమిటి?"

"నేను రాను. పారమట్టాలోనే ఉంటాను."

"పిచ్చా నీకు? అక్కడైతే మనకి తెలిసినవాళ్లెవరూ ఉండరు కదా. ఇద్దరమే ఉంటాం."

"రెండు వారాల్లో కనుక్కుంటారు మీరు. బార్సిలోనాలో ఓ గుంటూరాయన, సరిహద్దు దాటితే ఓ బందరాయన. నేను ఫ్రాన్సులో కూడా ఉల్లిపాయలు తరగలేను."

కొంతదూరం వెళ్లాక నారింజ తోటలు మొదలయ్యాయి. అప్పుడు ఆయన మెల్లగా ఇండికేటర్ వేసి, రోడ్డు పక్కన కారు ఆపేశారు. ముందు వెళ్తున్న యూట్ కాస్త దూరం వెళ్లి తనూ ఆగింది. వెనక తెల్లదీపాలు వెలిగాయి. రివర్సులో మా వైపు రావడం మొదలెట్టింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మా ఆయన దిగి నడుచుకుంటూ వెళ్లి, దాని కిటికీ దగ్గర వంగి ఏదో చెప్పారు. చేతులు తిప్పారు. మళ్లీ వంగారు. చివరికి యూట్ వెళ్లిపోయింది. ఆయన వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నారు.

"ఏమన్నారు?"

"బండి చెడిందా అన్నాడు. లేదు, మా ఆవిడతో మాట్లాడాలన్నాను. ఇంటికొచ్చి మాట్లాడుకోవచ్చుగా అన్నాడు." తాళంచెవి మీద చెయ్యి వేశారు. "ఇంట్లో కుదరదన్నాను."

ఇంజను ఆపేశారు. ఏసీ ఆగగానే లోపల వేడి నిండింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నారు. మాట వెతుక్కుంటున్నారని తెలుస్తోంది. నేను సాయం చెయ్యలేదు. రాననే మాట వెనక్కి తీసుకోనూ లేదు.

"నిజంగా రావా?"

"రాను."

వేళ్ల మధ్య ఎండిపోయిన మామిడిరసం గోటితో గీక్కున్నారు. ఓ లారీ పక్కనుంచి వెళ్లి కారు ఊగింది.

"ఎందుకు?" అని అడిగారు.

నేను సీటుబెల్టు విప్పి, ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.